అమ్మ నడిపిన సంవత్సరం

(శ్రావణమాసంలో దేవాలయ మండపంలో చేసిన ప్రసంగ పాఠం)



అమ్మను గూర్చి నాలుగు మాటలు చెప్పమని ధర్మకర్తల మండలివారు ఆదేశించారు. ఇంద్రకీలాద్రి మీది అమ్మను గూర్చి చెప్పడానికి దసరా నవరాత్రులున్నాయి. నాకంటె విద్వాంసులు, వాక్పటువులు ఉన్నారు. నేను ఇంటిలోని అమ్మను గూర్చి చెబుతాను. ముప్పై మూడు సంవత్సరాలు సంస్కృతం పాఠం చెప్పి విశ్రాంతి తీసుకొన్నవాణ్ణి కనుక మొదట ఒక శాస్త్ర విషయం మనవి చేసి, ఆ తరువాత వంటింటిలోకి వస్తాను.

తెలుగునాట వైదిక కర్మలు ఆచరించే కుటుంబాలలో అధికభాగం ఆపస్తంబ సూత్రాన్ని అనుసరించేవే. ఆ మహర్షి గృహ్యసూత్రంలో వివాహ ప్రకరణం దగ్గర, పరంపరగా వచ్చే ఆచారక్రియలు ఏవేవో స్త్రీలవద్ద తెలుసుకొని చేయాలని విధించాడు. మంత్రం ఆచార్యుడిది, ఆచారం ఇల్లాలిది అని దాని తాత్పర్యం. ఇక ధర్మసూత్రాల చిట్టచివర, గ్రంథం ముగిస్తూ, ఇందులో చెప్పకుండా మిగిలిన ధర్మాలను స్త్రీల దగ్గర, అన్ని వర్ణాలవారి దగ్గర తెలుసుకోవాలని కొందరి అభిప్రాయంగా చెప్పి సెలవు తీసుకొన్నాడు. హరదత్తుడు ఈ రెండు గ్రంథాలకూ వ్యాఖ్యానం వ్రాశాడు. మేము పాఠశాలలో చదువుకొన్న రోజులలో ఆ చివరి సూత్రం దగ్గరికి వచ్చేసరికి పాఠం ముగిసిందన్న సంతోషంలో పుస్తకానికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాము. ఆగి ఆలోచించవలసిన చోటు అదేనని తెలియడానికి నాకు ఇల్లూ పిల్లలూ ఏర్పడవలసి వచ్చింది.

మిగిలిన ధర్మం అంటే ఎంత? షోడశ సంస్కారాలు అంటాం. ఒక్కొక్కదానికి ఒకటో రెండో రోజులు వేసుకొన్నా మనిషి ఆయుర్దాయంలో నెలరోజులకు మించవు. నామకరణానికి, అన్నప్రాశనకు, చౌలానికి నడుమ ఉన్న వందల రోజులు ఎవరి ధర్మం? ఆ రోజులలో బిడ్డకు నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి, బుగ్గన చుక్క పెట్టి, దిష్టి తీసి, జ్వరం వస్తే తెల్లవార్లూ నుదుటి మీద చేయి వేసి కూర్చున్నది ఎవరు? పుస్తకంలో ఉన్నది కొంచెం; పుస్తకం వదిలిపెట్టినది అమ్మ చేసింది.

మనుస్మృతిలో గృహస్థుకు పంచసూనలు అని చెప్పారు. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ. ఈ అయిదింటి వద్ద తెలియకుండానే చిన్న ప్రాణులకు హింస జరుగుతుంది. ఆ దోషం పోవడానికి నిత్యం పంచ మహాయజ్ఞాలు చేయాలి అని విధి. మా నాన్నగారు బ్రహ్మయజ్ఞం, దేవయజ్ఞం, పితృయజ్ఞం తప్పకుండా చేసేవారు. మిగిలిన రెండూ, అంటే భూతయజ్ఞం, మనుష్యయజ్ఞం, ఆయన పేరు మీద మా అమ్మగారు చేసేది. తెల్లవారుజామున వాకిట కళ్లాపి చల్లి బియ్యప్పిండితో ముగ్గు పెట్టడం చీమలకు, కాకికి మెతుకు, కుడితి గోలెంలో ఆవుకు కడుగు, కుక్కకు చివరి ముద్ద, మధ్యాహ్నం అరుగు మీద కూర్చున్న బాటసారికి మజ్జిగ. ఆ అయిదు పరికరాలూ ఆమె చేతిలోవే, వాటి ప్రాయశ్చిత్తమూ ఆమె చేతిలోదే. యజ్ఞం అన్న పేరు మాత్రం ఆమె ఎన్నడూ పెట్టలేదు. "పని" అనేది.

ఇక సంవత్సరం సంగతి. మా ఊరు మొవ్వకు రెండు మైళ్లు. క్షేత్రయ్య పుట్టిన మొవ్వ, పక్కనే కూచిపూడి. మాకు పంచాంగశ్రవణం ఉగాదినాడే గాని, మా అమ్మగారి సంవత్సరం కాలువకు నీళ్లు వదిలిన రోజున మొదలయ్యేది. కృష్ణా డెల్టాలో ఈ మాట అందరికీ అర్థమవుతుంది. దూరప్రాంతాలనుంచి వచ్చిన భక్తులకోసం కొంచెం చెబుతాను. 1832-33 ప్రాంతంలో వచ్చిన కరువును మన పెద్దలు నందన కరువనీ, డొక్కల కరువనీ పిలిచేవారు. గుంటూరు మండలం సగం ఖాళీ అయినంత పని జరిగింది. అప్పటికి నది నిండుగా సముద్రంలోకి పోతూనే ఉంది, ఒడ్డున మనుషులు తిండి లేక పోయారు. ఆ తరువాత 1852లో విజయవాడ దగ్గర ఆనకట్ట మొదలై 1855కు పూర్తయింది. దానికి నూరేళ్లు నిండుతున్న సమయంలో, 1952లో, గండి పడింది. దాని స్థానంలో కట్టినదే 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజి. మీరు కొండ దిగుతుంటే కనబడేది అదే. ఊరిలోనుంచి పోయే బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ డెల్టా ఇళ్లలోని వంటపాత్రలకు మొదటి మెట్టు. ఈనాడు పట్టిసీమనుంచి గోదావరి నీరు కూడా వచ్చి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తున్నది. ఇద్దరు అక్కచెల్లెళ్లు ఒక ఇంటికి కోడళ్లుగా వచ్చినట్లయింది.

వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేవారు. కట్టేముందు ఊరి మంచినీళ్ల చెరువు నింపుకొనేవారు. ఆ చెరువు రెండు నెలలు రావాలి. ఎవరు దాంట్లో కాళ్లు కడిగినా అమ్మ ఊరుకొనేది కాదు, గట్టుమీదనుంచి కేకవేసేది. రోహిణికార్తె ఎండలో ఇంటిలో సంవత్సరానికి సరిపడే పని జరిగేది. కొత్త చింతపండు పిక్క తీసి, ఉప్పు చల్లి కుండలకెత్తడం, కందులు బాగుచేయడం, మినప వడియాలు, గుమ్మడి వడియాలు, ఊరమిరపకాయలు. అన్నిటికీ మకుటం ఆవకాయ. నూజివీడు వైపునుంచి బండ్లలో వచ్చిన కాయను అమ్మ చేతితో కాదు, చెవితో ఎంచేది. గోటితో కొట్టి శబ్దం వినేది. టెంక ముదరాలి, పులుపు చావకూడదు, తడి తగలకూడదు. నాన్నగారు కత్తిపీట దగ్గర కూర్చుని ముక్కలు కొట్టేవారు. సంవత్సరం మొత్తంలో ఆయన వంటింటికి చేసిన సేవ అదొక్కటే అని అమ్మ నవ్వుతూ అనేది. మూడవనాడు జాడీ తిరగవేసి, ఆ బేసినులోనే వేడి అన్నం కలిపి మా అందరి చేతులలో ముద్దలు పెట్టేది. అగ్నిసాక్షిగా చేసిన యజ్ఞాలలో పురోడాశం తిన్నాను. దాని రుచి చెప్పను. ఈ ముద్ద రుచి చెప్పాలంటే నోరు ఊరి మాట రాదు.

ఒక రోజు సాయంకాలం పిల్లలెవరో కేకవేసేవారు, నీళ్లొచ్చాయని. ఎండి నెర్రెలు విడిచిన కాలువలోకి ముందు ఎండుటాకులు, పుల్లలు, నురుగు, దాని వెనుక ఎర్రనీరు. అమ్మ చేతిలో పని వదిలి పసుపు, కుంకుమ, రెండు పువ్వులు తీసుకొని వెళ్లేది. మంత్రం లేదు. తమలపాకులో పెట్టి నీటికి వదిలి, మెడలోని పుస్తెలు కళ్లకద్దుకొని వచ్చేది. మరునాటినుంచి నారుమళ్లు.

నాట్లు మొదలయ్యే ఆషాఢంలో కొత్తకోడలు పుట్టింటికి వస్తుంది. అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదని, దానికి పండితులు చెప్పే కారణాలు చాలా ఉన్నాయి, ఒకటికొకటి పొసగవు. కారణం ఏదైనా, పెళ్లయిన ఆడపిల్ల నెలరోజులు తల్లిదగ్గర ఉండే ఏర్పాటు చేసినవారు దయగలవారు. అరచేతినిండా గోరింటాకు, తల్లి చేతిముద్ద, మధ్యాహ్నంపూట నిద్ర. ఇదే మాసంలో విజయవాడలో ఒక విశేషం గమనించండి. దుర్గమ్మను మనం సంవత్సరమంతా అమ్మా అని పిలుస్తాము. ఆషాఢంలో మాత్రం ఊరూరినుంచి ఆడవాళ్లు చీర, పసుపు, గాజులు, చలిమిడి పట్టుకొని కొండకు సారె తెస్తారు. సారె ఎవరికి పెడతారు? కూతురికి. జగత్తుకు తల్లి అయినవాళ్లకు కూడా ఒక పుట్టిల్లు ఉండాలని మన ఆడవాళ్లు నిర్ణయించారు. ఏ ఆగమంలో ఉన్నదని అడిగితే నేను ఆపస్తంబుడి చివరి సూత్రం చూపిస్తాను. అదే మాసం పౌర్ణమితో ముగిసే మూడు రోజులు అమ్మవారు కూరగాయలతో శాకంబరిగా దర్శనమిస్తుంది. వంకాయలు, కాకరకాయలు, ఆకుకూరల తోరణాలు. వంటింటిని ఎరిగిన దేవత.

శ్రావణానికి వస్తున్నాను; నా ప్రసంగానికి కీలకం ఇక్కడ ఉన్నది, కొంచెం నిదానంగా చెబుతాను.

పెళ్లయిన పిల్ల అయిదు సంవత్సరాలు శ్రావణ మంగళవారాలలో మంగళగౌరి నోము నోచుకొంటుంది. చలిమిడితో చేసిన జ్యోతులలో నేయి పోసి వెలిగించి, కథ వింటూ, నేయి రాసిన అట్లకాడను ఆ జ్యోతులమీద పట్టి కాటుక పారించి, ఆ కాటుక తాను పెట్టుకొని ముత్తయిదువులకు పెడుతుంది. మొదటి సంవత్సరం అయిదుగురు, తరువాత పదిమంది, అలా పెరుగుతూ అయిదవ ఏట ఇరవై అయిదుగురు. తొలి సంవత్సరం పుట్టింట జరుపుకొంటుంది, తొలి వాయనం తల్లికి ఇస్తుంది. పెంచి పెద్దచేసిన చేతికి మొదటి దానం. ఎంత అందమైన ఏర్పాటు!

మా నాన్నగారు 1973లో కాలం చేశారు. అప్పటికి నాకు పెళ్లయింది; చెల్లెలికి కాలేదు; చివరి తమ్ముడికి తొమ్మిదేళ్లు. 1975 ఫాల్గుణంలో వాడికి ఉపనయనం తలపెట్టాము. తండ్రి లేనప్పుడు పెద్దన్నగారు ఉపనయనం చేయవచ్చును కనుక నేను, నా భార్య పీటలమీద కూర్చున్నాము. ఉపనయనంలో రెండు చోట్ల తల్లి కావాలి. క్షౌరానికి ముందు వటువు తల్లితో కలిసి ఒకే విస్తరిలో భోజనం చేస్తాడు. ఆమె చేతి ముద్దగా అది చివరిది, ఆపైన బ్రహ్మచారి. తరువాత మొదటి భిక్ష. బంధువులలో పెద్దలు కొందరు, భర్తృహీన అయిన స్త్రీ శుభకార్యంలో ముందుకు రావడం బాగుండదు, వాడి పినతల్లిచేత వేయించండి అన్నారు. దుర్మార్గులు కారు వారు. మావాడి మేలు కోరినవారే. మా అమ్మగారు కూడా ఆ మాటే అన్నది. "వద్దులే నాయనా. చెల్లాయి వేస్తుంది. వాడు చల్లగా ఉంటే చాలదూ?" అని వంటింటి తలుపు వెనక్కి జరిగింది.

నేను మనుస్మృతి రెండవ అధ్యాయం తెచ్చి పురోహితుల ముందు పెట్టాను. బ్రహ్మచారి మొదటి భిక్షను తల్లినిగాని, సోదరినిగాని, తల్లి తోబుట్టువునుగాని అడగాలి. కాదనని ఆమెను అడగాలి అని అందులో ఉన్నది. మొదట చెప్పినది తల్లినే. సువాసిని అయిన తల్లి అని లేదు, తల్లి అని ఉన్నది. అదే అధ్యాయంలో గౌరవం లెక్కపెడుతూ ఉపాధ్యాయుడికంటె ఆచార్యుడు పదిరెట్లు, ఆచార్యులకంటె తండ్రి నూరురెట్లు, తండ్రికంటె తల్లి వేయిరెట్లు అధికమని చెప్పారు. భర్త పోతే ఆ వేయిలో ఎంత తగ్గించాలో ఎక్కడా చెప్పలేదు. పురోహితులు వృద్ధులు, నాకు తండ్రివంటివారు. పుస్తకం చూసి, కళ్లజోడు తీసి, "గ్రంథం చెప్పినచోట మనం అడ్డురాకూడదు, అమ్మగారిని రమ్మనండి" అన్నారు.

అమ్మ వచ్చింది. మూడుసార్లు వేయవలసిన బియ్యం నాలుగుసార్లు వేసింది. పురోహితులు చూసి చూడనట్లు ఊరుకొన్నారు. ఈ తమ్ముడే ఇప్పుడు అరవై దాటి మనుమల నెత్తుకొంటున్నాడు.

1979లో చెల్లెలికి పెళ్లి చేశాము. మరుసటి శ్రావణంలో తొలి మంగళవారం. తొలి వాయనం తల్లికి. ఇక్కడ నాకు మనుస్మృతి సాయపడదు. వ్రతకల్పంలో ముత్తయిదువకు అనే ఉన్నది. పెద్దవాళ్లు మేనత్తకు ఇమ్మన్నారు. చెల్లెలు వాయనం పళ్లెం ఒళ్లో పెట్టుకొని కదలలేదు, కళ్లవెంట నీళ్లు. అమ్మ వచ్చి ఆ పళ్లెం చూసి, పసుపు కుంకుమ, రవికెల గుడ్డ, కాటుక ఒక పక్కకు తీసి, "ఇవి అత్తయ్యకియ్యి" అన్నది. నానబెట్టిన శనగలు, చలిమిడి రెండవ పక్కకు తీసి కొంగు పట్టి, "ఇవి నాకు పెట్టు, ముందు నాకే పెట్టు" అన్నది. ఇచ్చేవారు పుచ్చుకొనేవారు మూడుమార్లు చెప్పుకొనే మాటలు ఇద్దరూ చెప్పుకొన్నారు. మేనత్తగారు చూస్తూ కూర్చుని, తరువాత తనది తాను తీసుకొన్నది. నియమం చెడలేదు, పిల్ల మనసు చెడలేదు. నేను నలభై ఏళ్లు ధర్మశాస్త్రం చదివాను. ఇంత వేగంగా నిర్ణయం చేసిన నిబంధనకారుడిని చూడలేదు.

ఈ మండపంలో ఇవాళ వెనుకవరుసలో, స్తంభాల నీడలో కూర్చున్న తల్లులున్నారు. పేరంటానికి పిలుపు రాని ఇళ్లు మీకు తెలుసు. మీ పిల్లల పెళ్లిళ్లలో మీరే ఒక గదిలోకి వెళ్లి కూర్చోవడమూ తెలుసు. నా అభిప్రాయం దాచుకోను. నోము కొన్ని నియమాలతో కూడినది, దానిని అలాగే ఉంచుకొనేవారు ఉంచుకోవచ్చును. కాని బిడ్డ తలమీద తల్లి అక్షతలు వేయడానికి, హారతి కళ్లకద్దుకోవడానికి, మొదటి భిక్ష వేయడానికి ఏ గ్రంథమూ అడ్డురాలేదు. మా ఇంట నా కుమార్తెల పెళ్లిళ్లలో మొదటి అక్షతలు మా అమ్మగారివే. పిల్లలందరూ ఈశ్వరానుగ్రహంవల్ల బాగున్నారు.

దసరాను గూర్చి మీకు నేను చెప్పనక్కరలేదు. మూలానక్షత్రంనాడు సరస్వతీ అలంకారం, ఆ రోజు క్యూలలో పలకలు పట్టుకొన్న పసిపిల్లలను ఎత్తుకొని గంటల తరబడి నిలుచున్న తల్లులను చూడండి. అంతకంటె వేరే దర్శనం అక్కరలేదు. అట్లతద్దికి తెల్లవారుజామున ఆడపిల్లలను లేపి గోంగూర పచ్చడితో, పెరుగుతో అన్నం పెట్టి ఉయ్యాలలకు పంపడం, కార్తీక శుద్ధ విదియనాడు కొండమీద అమ్మవారికి గాజుల అలంకారం, ఇంట్లో అక్కచెల్లెళ్ల చేతి భోజనం, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. నేను కార్తీకం దగ్గర ఆగుతాను.

1977 నవంబరు 19, శనివారం. కార్తీక శుద్ధ పక్షం. దీపావళి వెళ్లి వారం తిరిగిందంతే. దివిసీమ ఉప్పెన సంగతి ఈ ప్రాంతంలో అరవై దాటిన ప్రతివారికీ తెలుసు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల మీద సముద్రం ఊళ్లకు ఊళ్లు ఎత్తి పోసింది. వేలమంది, పదివేలకు పైగా అంటారు, ఒక్క రాత్రిలో పోయారు. మా ఊరిదాకా ఆ నీరు రాలేదు, గాలి వచ్చింది. తాటిచెట్లు విరిగాయి, ఇంటి పెంకు లేచిపోయింది, పొట్టమీద ఉన్న వరి నేలకు పడుకొన్నది. మూడవనాటినుంచి దక్షిణాన ఉన్న ఊళ్లనుంచి మనుషులు రావడం మొదలైంది. ఒంటిమీద ఎవరిదో గుడ్డ. మాటలు లేవు.

మా అమ్మగారు కార్తీక నక్తంలో ఉన్నది, పగలు అన్నం ముట్టదు, మడి. ఆ రోజు ఆవరణలో మూడు రాళ్లు పెట్టి పెద్ద గుండిగ ఎక్కించింది. గాదెలో పాత బియ్యం ఉన్నంతవరకు వండింది. కూర ఎక్కడిది? దేవుడికి నివేదన అయ్యాక గాని తీయని మడి ఆవకాయ జాడీ బయటకు తెచ్చి, మూత తీసి, నడుముకు కొంగు చుట్టి, ఎవరు ఏమిటని అడగకుండా విస్తళ్లలో వేసింది. జాడీ మూడు రోజులలో ఖాళీ అయింది. మాకు ఆ ఏడు మాఘం దాకా మజ్జిగే ఆదరువు.

వచ్చినవారిలో నిండు చూలాలు ఒకామె. అత్తమామలు, ఇద్దరు పిల్లలు నీళ్లలో పోయారు. భర్త జాడ తెలియదు. మా పశువుల సావిడి పక్క గదిలో ఆమెకు పురుడు వచ్చింది. అమ్మ, ఊరి మంత్రసాని, ఇద్దరే. ఆడపిల్ల. తెల్లవారి అమ్మ నన్ను పిలిచి, "ఒరే, దీనికి ఇటు చావు మైల, అటు పురుటి మైల. ఏది ముందు పోతుంది? పదకొండోనాడు నీళ్లు పోయవచ్చా?" అని అడిగింది. ఆశౌచాల మీద ఆశౌచం వచ్చినప్పుడు ఏది దేనిని మింగుతుందో ధర్మసింధువులో, నిర్ణయసింధువులో పెద్ద విచారమే ఉన్నది. నేను లోపలికి వెళ్లి, తడిసిన కట్టలు విప్పి, ఆ ప్రకరణం వెదికి, రెండు మతాలు పోల్చి బయటకు వచ్చేసరికి కాగు కింద మంట వేసి ఉంది. బాలింతకు నీళ్లు కాగుతున్నాయి. "ఏమన్నది శాస్త్రం?" అన్నది అమ్మ, పుల్లలు ఎగదోస్తూ. నేను చెప్పాను. విన్నది. "సరే, పదకొండోనాటి సంగతి అప్పుడు చూద్దాం. ఇవాళ ఒంటికి ఉప్పునీరు అంటుకొని ఉంది, అది పోవాలిగా" అన్నది.

పదకొండవనాడు ఆ పిల్లకు నామకరణం కూడా మా ఇంట్లోనే జరిగింది. ఏ మంత్రమూ చెప్పలేదు. బియ్యంలో తల్లి తానే వేలితో పేరు గీసింది. భర్త పదిహేనురోజుల తరువాత వెతుక్కుంటూ వచ్చాడు. ఆ కుటుంబంవారు తరువాత చాలా కాలం సంక్రాంతికి వచ్చి మా అమ్మగారికి దణ్ణం పెట్టి వెళ్లేవారు. 2024లో బుడమేరు పొంగి సింగునగర్ ఇళ్లు మునిగినప్పుడు ఇదే నగరంలో మేడలమీద పసిపిల్లలకు పాలకోసం ఎదురుచూసిన తల్లులను, నడుములోతు నీటిలో పాలపొట్లాలు మోసిన కుర్రవాళ్లను చూసి నాకు ఆ గుండిగ జ్ఞాపకం వచ్చింది.

కార్తీకం ముగిసిన మరునాడు పోలిపాడ్యమి. పోలి కథ మీ అందరికీ తెలుసు. అత్తగారు పెద్దకోడళ్లను తీసుకొని నదికి దీపాలు వదలడానికి వెళుతూ చిన్నకోడలు పోలిని ఇంటి పనికి వదిలివెళ్లింది. ఆమె పెరట్లో రాలిన పత్తి ఏరి వత్తి చేసి, కవ్వానికంటిన వెన్న రాసి దీపం పెట్టి, ఎవరికీ కనబడకుండా మూసిపెట్టింది. విమానం నదికి రాలేదు, పోలి పెరట్లోకి వచ్చింది. ఈ కథ ఏ పురాణంలో ఏ అధ్యాయమని విద్యార్థులు నన్ను అడిగేవారు. కవ్వం పట్టినవాళ్లు చెప్పుకొన్న కథ అని చెప్పేవాణ్ణి. ఆ తెల్లవారుజామున మా ఊరి కాలువమీద అరటిదొప్పలలో దీపాలు వరుసగా పోతుంటే చలిలో వణుకుతూ నిలుచునేవాళ్లము.

ధనుర్మాసం ముగ్గులు, గొబ్బెమ్మలు, భోగినాడు పిల్లల తలమీద రేగుపళ్లు, సంక్రాంతికి కొత్తబియ్యం పరమాన్నం, రథసప్తమికి చిక్కుడుకాయల రథం, జిల్లేడాకుల స్నానం: వీటిని గూర్చి చాలామంది చాలా వ్రాశారు, నేను వదిలేస్తున్నాను. ఒక్కమాట. కొత్తబియ్యం మొదటి కొలత వండేముందు మా అమ్మ ఒక గుప్పెడు తీసి వేరే గురిగిలో పోసేది. ఎందుకమ్మా అంటే, "కాలువకు" అనేది. వేసవిలో అవి పక్షులకు చల్లేది.

ఆమె 1996లో శివసాన్నిధ్యం చేరింది. రెండేళ్ల తరువాత గయకు వెళ్లాను. అక్కడ తల్లికి మాతృషోడశి అని పదహారు పిండాలు వేరే పెడతారు. ఒక్కొక్క పిండానికి ఒక్కొక్క శ్లోకం. మోసిన నెలలు, నడవలేని నడక, ప్రసవవేదన, బిడ్డకోసం మింగిన చేదుమందులు, రాత్రులు తడిసిన పక్కలో తాను పడుకొని బిడ్డను పొడిచోట పడుకోబెట్టడం, తన ఆకలి ఆపుకొని పెట్టడం: ఒక్కొక్కటి పేరుపెట్టి చెప్పి, నావల్ల కలిగిన ఆ కష్టానికి నిష్కృతిగా ఈ పిండం అని ఇవ్వాలి. మన కర్మకాండ మొత్తంలో తల్లి దినచర్యను ఇలా వరుసగా లెక్కవ్రాసిన ఘట్టం నాకు మరొకటి తెలియదు. ఎవరు వ్రాశారో గాని ఆయన ఇంట్లో ఉన్నవాడు. నేను తొమ్మిదవ పిండం దగ్గర ఆగిపోయాను. పండా పెద్దమనిషి, కాసేపు ఊరుకొని, మళ్లీ అందించాడు.

ఆ లెక్క ఆమె వినగలిగినప్పుడు చెప్పలేదే అని అక్కడ ఎంతోమంది ఏడవడం చూశాను. అందుకే దాతలకు ఒక విన్నపం. ఈ దేవస్థానంలో శాశ్వత అన్నదానానికి, తల్లిదండ్రుల పేర తిథి వ్రాయించేవారున్నారు. చాలా మంచిది, మీవల్ల ఎంతోమంది కడుపు నిండుతున్నది. తల్లి జీవించి ఉన్నవారు మాత్రం ఆమె పుట్టినరోజు తిథి కనుక్కొని ఆ రోజున వ్రాయించండి. చాలామంది తల్లులకు అది ఎవరూ అడగలేదు. కొందరికి తేదీ తెలియదు, కృష్ణ పుష్కరాలు వచ్చిన ఏడు, గండి పడిన ఏడు అని చెబుతారు. పంచాంగం చూసి తిథి తేల్చడానికి నావంటివాళ్లము ఉన్నాము. ఆ రోజున ఆమెను తీసుకొనివచ్చి పంక్తిలో కూర్చోబెట్టండి, మీరు వడ్డించండి. పటమటలోనో బెంజి సర్కిల్ దగ్గరో అపార్టుమెంటులో ఒంటరిగా ఉన్న తల్లికి, టెక్సాస్‌లో ఉన్న కొడుకు ఫోనులో "తిన్నావా అమ్మా" అని అడిగితే, "తిన్నాను నాయనా" అని చెబుతుంది. ఏమి తిన్నదో అడిగేవారు తక్కువ. ఒక్కరికోసం పొయ్యి వెలిగించడం ఎంత కష్టమో పదిమందికి వండినవాళ్లకే తెలుసు.

ఇప్పటి ఆడపిల్లలు ఉద్యోగాలు చేస్తున్నారు, ఆవకాయ కొనుక్కొంటున్నారు, ఆచారాలు పోతున్నాయి అని కొందరు పెద్దలు బాధపడుతున్నారు. నాకు ఆ బాధ లేదు. స్త్రీలవద్ద నేర్చుకోవాలి అని సూత్రకారుడు అన్నది ఎవరితో? సూత్రం చదివే మగవాళ్లతో. నేను డెబ్బై దాటాక నా భార్య మోకాళ్ల నొప్పితో కింద కూర్చోలేకపోతే ఆవపిండి కలపడం నేర్చుకొన్నాను. రెండు సంవత్సరాలనుంచి మా ఇంటి జాడీ నా చేతిదే. ఉప్పు కొంచెం ఎక్కువ అంటున్నది, అది వేరే సంగతి.

రేపు శ్రావణ మంగళవారం. జ్యోతులకు చలిమిడి కావలసినవారు బియ్యం ఈ రాత్రే నానబెట్టుకోవాలి. ఉదయం నీరు వంచి, గుడ్డమీద నీడలో ఆరనిచ్చి, తడి పూర్తిగా పోకముందే పిండి కొట్టించాలి. మిల్లు ఏడు గంటలకు తెరుస్తాడు, పురుషులు తీసుకొని వెళ్లవచ్చును. బయటకు వెళ్లేటప్పుడు ఎడమవైపు ద్వారం దగ్గర శనగల ప్రసాదం ఇస్తున్నారు, వెనుకవరుసలో ఉన్న తల్లులకు మొదట అందించవలసిందిగా కార్యకర్తలకు మనవి చేస్తున్నాను. స్వస్తి.